కొమ్ముల జోడీయా, పాలావా: కొనేవాడెవరో ముందు తేల్చుకోండి

ఘాటి సుబ్రహ్మణ్య పరస (పశువుల జాతర) దగ్గర పడుతోందంటే నాకొచ్చే ఉత్తరాల్లో సగం హళ్లికార్ అనే మన నాటు పశువుల జాతి గురించే ఉంటాయి, ఈసారీ అంతే. మిగతా సగం సీమావులు (విదేశీ జాతి ఆవులు, వాటి సంకరాలు), పాల రేటు, దూడల సంగతి. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం చెబుతున్నాను, మాది బెంగళూరు పక్కన హోసకోటె తాలూకా. కొట్టంలో పదమూడు పశువులున్నాయి, అందులో నాలుగు హళ్లికార్‌లు మా మామగారి కాలం నుంచి వస్తున్న సంతతి, తొమ్మిది సీమావులు. రెండు రకాలూ పెంచుతున్నాను కాబట్టి రెండింటి గురించీ మాట్లాడతాను. కానీ డాక్టర్ని కాను, జబ్బు మాట వచ్చిన చోట మిమ్మల్ని పశువైద్యుడి దగ్గరికే పంపిస్తాను.

అక్కా, నేను వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మాలూరు దగ్గర నాన్న కొన్న రెండెకరాలున్నాయి. నాలుగు హళ్లికార్ ఆవులు కొని, ఏ2 పాలు అపార్ట్‌మెంట్లలో లీటరు వందకి అమ్మాలని ఉంది. లాభం ఉంటుందా?

తమ్ముడూ, ముందు లెక్క చూద్దాం, ఇష్టం సంగతి తర్వాత. హళ్లికార్ పాల జాతి కాదు. దుక్కికీ బండికీ తరతరాలుగా ఎంచి ఎంచి పెంచుకున్న జాతి. మైసూరు సైన్యాల సామాన్లు లాగిన అమృతమహల్ పశువులు కూడా ఈ సంతతికి దగ్గరివే. మంచి హళ్లికార్ ఆవు ఒక ఈత మొత్తానికి, అంటే ఈనిన దగ్గర్నుంచి వట్టిపోయేదాకా, ఐదారు వందల లీటర్లు ఇస్తే బాగా ఇచ్చినట్టు. అందులో దూడ తాగేది తాగాలి, ఎందుకంటే దూడ చేపితే తప్ప చాలా ఆవులు పాలు దించవు, చేత్తో పిండితే పొదుగు బిగబట్టి నిలబడిపోతాయి. పైగా నాలుగు ఆవులుంటే నాలుగూ ఒకేసారి పాల మీద ఉండవు. ఒకటి చూడితో వట్టిపోయి ఉంటుంది, ఒకటి ఎదకు రాకుండా సతాయిస్తుంది. చివరికి అమ్మకానికి రోజుకు నాలుగైదు లీటర్లు మిగిలితే గొప్ప. వంద చొప్పున వేసుకున్నా ఐదు వందలు దాటదు. గడ్డికీ, దాణాకీ, పశువుల్ని చూసుకునే మనిషి జీతానికీ అందులోంచే రావాలి. నువ్వేమో వైట్‌ఫీల్డ్‌లో ఉంటావు, మనిషిని పెట్టక తప్పదు.

ఏ2 సంగతి. ఏ1, ఏ2 అంటే పాలలో ఉండే ఒక మాంసకృత్తిలో రెండు రకాలు. మన నాటు ఆవుల్లో ఎక్కువ భాగం ఇచ్చేవి ఏ2 పాలే, హళ్లికార్‌వీ అవే, అందులో అబద్ధం లేదు. కానీ 2024 ఆగస్టులో ఆహార భద్రతా సంస్థ ప్యాకెట్ల మీద ఏ1, ఏ2 అన్న మాటలు తీసేయమంది, వారం తిరక్కుండానే ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకుంది. అలా ఊగే మాట మీద వ్యాపారం కట్టుకోకు. ఆ పాలు తాగితే ఫలానా జబ్బు పోతుందని అస్సలు చెప్పకు. పొద్దున పిండిన పాలు, నీళ్లు కలపని పాలు, కావాలంటే ఆదివారం వచ్చి ఆవుని చూసుకోండి అని చెప్పగలిగితే చాలు, అపార్ట్‌మెంట్ వాళ్లు దానికే డబ్బిస్తారు. ఎంత చిన్నగా మొదలుపెట్టినా ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ మాత్రం చేయించుకో.

నన్నడిగితే, ఎకరంలో నేపియర్ గడ్డి వేసుకో, నీళ్లుంటే నాలుగైదు పశువులకు పచ్చిమేత వస్తుంది. సగం సీమ రక్తం ఉన్న మూడు పాలావులు తెచ్చుకో, వాటి పాలే అమ్ముకో. మనసు పడ్డావు కాబట్టి ఒక్క హళ్లికార్ ఆవుని కట్టేసుకో. దాని పాలు వెన్న శాతంలో చిక్కనివి, ఇంట్లో పెరుగుకీ నెయ్యికీ వాడుకోండి. హళ్లికార్‌లో డబ్బు పాలల్లో రాదు, కోడెదూడలో వస్తుంది. దానికి మూడేళ్లు ఓపిక పట్టాలి.

ఈసారి ఘాటిలో హళ్లికార్ కోడెల జోడీ కొందామనుకుంటున్నాం. రెండేళ్లు పెంచి, కాడికి మరిపి, మళ్లీ అమ్మాలని ఆలోచన. మా ఇంట్లో ఎడ్లు పోయి ఇరవై ఏళ్లయింది, కొమ్ములు చూసి మోసపోతామేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చూడాలి? (దేవనహళ్లి నుంచి ఒక రైతు)

అన్నా, మీ ఉత్తరం చదివి సంతోషం వేసింది, ఎడ్లు పోయిన ఇంట్లోకి ఎడ్లు తిరిగొస్తున్నాయి.

హళ్లికార్ అందమంతా తలలో ఉంటుంది. సన్నని పొడుగు ముఖం, మధ్యలో గాడి పడిన నుదురు, ఆ నుదుటి పైన దగ్గర దగ్గరగా మొలిచి వెనక్కి వాలి, కొన దగ్గర మళ్లీ ముందుకు తిరిగే పొడుగు కొమ్ములు. పరసలో కొనేవాళ్ల కళ్లు మొదట అక్కడికే పోతాయి, అమ్మేవాళ్లకీ అది తెలుసు. అందుకే గాజుపెంకుతోనో కత్తితోనో కొమ్ము గీకి, నూనె రాసి, నల్లగా నిగనిగలాడేలా చేస్తారు. అలా గీకడంలో అందం ఒక్కటే లేదు. కొమ్ము మొదట్లో వలయాలు పడతాయి, వాటిని బట్టి మన పెద్దవాళ్లు పశువు వయసు చెప్పేవాళ్లు. గీకిన కొమ్ము మీద వలయాలుండవు. కాబట్టి కొమ్ము నిగనిగలాడుతుంటే వయసు పళ్లలోనే చూడాలి.

పశువుకి ముందు పళ్లు కింది దవడకే ఉంటాయి, ఎనిమిది. ముట్టె పట్టుకుని కింది పెదవి వంచి చూడండి. పాలపళ్లు చిన్నగా, తెల్లగా, మధ్యలో సందులతో ఉంటాయి. రెండు, రెండున్నరేళ్లకి మధ్య జత ఊడి వెడల్పాటి పళ్లు రెండొస్తాయి, దాన్నే రెండు పళ్ల కోడె అంటాం. తర్వాత నాలుగు, ఆరు, ఐదేళ్లు వచ్చేసరికి ఎనిమిదీ నిండుతాయి. మీరు పెంచి అమ్మాలనుకుంటున్నారు కాబట్టి పాలపళ్ల మీదున్నవి గానీ, రెండు పళ్లు గానీ తీసుకోండి. నాలుగు నుంచి ఆరు పళ్ల మధ్య, కాడికి మరిగి, చెప్పిన మాట వినే దశలో అమ్మితే మంచి ధర. ఎనిమిది నిండాక ఏడాది ఏడాదికీ ధర దిగుతుంది.

ఆ తర్వాత నడిపించి చూడండి, కట్టేసినచోట చూసి బేరం చేయొద్దు. గట్టినేల మీద యాభై అడుగులు మీవైపు నడిపించమనండి, యాభై అడుగులు దూరంగా. వెనక గిట్ట ముందు గిట్ట పడినచోటే పడాలి, గిట్టలు నల్లగా బిగుతుగా ఉండాలి. మోకాలి దగ్గర వాపుందా, కుంటుతోందా అన్నది అప్పుడే బయటపడుతుంది. ముక్కు దగ్గర చూడండి, ముకుతాడు రంధ్రం పుండుపడి ఉంటే ఆ కోడె లొంగకుండా గుంజుతోందని అర్థం.

జత సరిపోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి అయితే కాడి వాలుతుంది, బరువంతా పొట్టిదాని మెడ మీద పడుతుంది. కంటితో చూసి సరిపోయిందనుకోకుండా దర్జీ టేపు జేబులో పెట్టుకెళ్లండి. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిర్ర ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో తీసుకోండి. చుట్టుకొలతని చుట్టుకొలతతో గుణించి, పొడవుతో మళ్లీ గుణించి, 660తో భాగిస్తే దాదాపుగా బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 60, పొడవు 50 అయితే సుమారు 273 కిలోలు. రెండు కోడెల మధ్య పదిహేను, ఇరవై కిలోల తేడా అయితే మేతతో సర్దుకుంటుంది, యాభై అయితే సర్దుకోదు.

సుళ్ల గురించి అడగలేదు గానీ పరసలో ఎవరో ఒకరు ఎత్తుతారు. నుదుటి మీద ఒక సుడి మంచిదని, వీపు మీద ఫలానా చోట సుడి ఉంటే ఇంటికి కీడని అంటారు. సుడికీ పనితనానికీ సంబంధం లేదని నా నమ్మకం. కానీ రెండేళ్ల తర్వాత మీ దగ్గర కొనేవాడు నమ్ముతాడు, వాడు ధర తగ్గిస్తాడు. అందుకని సుడి బాగాలేని కోడెని మీరూ తక్కువకే అడగండి. బేరం కండువా కింద వేళ్లు పట్టుకుని చేస్తారు, దళారికి అది మంచినీళ్ల ప్రాయం. మీకు అలవాటు తప్పింది కాబట్టి మొహమాటపడకుండా నోటితోనే ధర అడగండి, లేదా ఊళ్లో పరసలు తిరిగిన పెద్దాయన్ని వెంటబెట్టుకుపోండి.

అమ్మేటప్పుడు ఎవరికి అమ్ముతారో ఇప్పుడే ఆలోచించుకోండి. ఇష్టంతో జోడీ కట్టుకునేవాళ్లు కొమ్ములు, రంగు, జత చూస్తారు. పొలం పనికి కొనేవాళ్లు మెడ, గిట్ట, నెమ్మదితనం చూస్తారు. 2023 మేలో సుప్రీంకోర్టు జల్లికట్టు, కంబళ (దున్నల పరుగు), ఎడ్లబండి పందేల చట్టాల్ని సమర్థించాక పందేల కోసం అడిగేవాళ్లు కూడా మా వైపు వస్తున్నారు, వాళ్లకి కావాల్సింది తేలికపాటి ఒళ్లు, వేగం. ఒకే జోడీని ముగ్గురికీ తయారుచేయలేరు.

ఇంకొక్క మాట, ఇది అందరికీ. కొమ్ముని ఊరికే గీకొద్దు. పొడుగుకొమ్ముల పశువుల్లో, ముఖ్యంగా వయసొచ్చిన ఎడ్లలో కొమ్ము క్యాన్సర్ వస్తుంది. కొమ్ము మొదట్లో అస్తమానం గీకడం, తాడు ఒరుసుకోవడం, రంగులు పూయడం దానికి తోడవుతాయని పశువైద్యులు హెచ్చరిస్తారు. మా మామగారి జోడీలో ఎడమవైపు ఎద్దు ఊరికే తల విదిలించేది, స్తంభానికి కొమ్ము రుద్దుకునేది. ఈగలనుకున్నాం. ఒకరోజు చూస్తే ఒక ముక్కులోంచే చీమిడి కారుతోంది, ఆ వైపు కొమ్ము కొంచెం కిందికి వాలింది, మొదట్లో చెయ్యి పెడితే రెండోవైపు కంటే వేడిగా ఉంది. అప్పటికే ఆలస్యమైంది. తల విదిలించడం మొదలైన వారంలోనే డాక్టరుకి చూపించి ఉంటే బతికేదని ఇప్పటికీ అనిపిస్తుంది. మీ చేత్తో రోజూ రెండు కొమ్ముల మొదళ్లూ తడమండి, ఒక నిమిషం పని.

మా హళ్లికార్ ఆవుకి హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే సీమ జాతి) వీర్యం సూది వేయిస్తే పుట్టే పెయ్య బాగా పాలిస్తుంది కదా. మావారు వద్దంటున్నారు, రోజూ గొడవ. ఎవరి మాట సరి? (చిక్కబళ్లాపుర నుంచి ఒక సోదరి)

ఇద్దరి మాటా సగం సగం సరేనమ్మా.

నాటు ఆవుకీ సీమ జాతికీ పుట్టిన మొదటి తరం పెయ్య నిజంగానే బాగుంటుంది. తల్లి తట్టుకునే గుణం కొంత, తండ్రి పాలు కొంత వస్తాయి. మా దగ్గర ఇలాంటిది ఒకటి పూటకు నాలుగైదు లీటర్లు ఇచ్చింది, జబ్బు పడింది తక్కువ. మన ప్రాంతంలో ఇది కొత్తేం కాదు. బెంగళూరు ఆడుగోడిలో 1923లో మొదలైన పాడి సంస్థ (ఇప్పుడది జాతీయ పాడి పరిశోధన సంస్థ, ఎన్‌డీఆర్‌ఐ, దక్షిణ కేంద్రం) ఉన్న ఊరు మనది, గాంధీగారు 1927లో అక్కడికొచ్చి ఆవుల పెంపకం నేర్చుకున్నారు. తర్వాత హెస్సరఘట్టలో ఘనీకృత వీర్యం తయారీ వచ్చింది. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉన్న చల్లని ఊరు కాబట్టి సీమావు ఇక్కడ నిలదొక్కుకుంది.

కానీ మూడు చిక్కులున్నాయి. ఒకటి, హళ్లికార్ ఆవు ఒళ్లు చిన్నది, హెచ్‌ఎఫ్ దూడ పెద్దది, తొలిచూలు అయితే ఈనేటప్పుడు ప్రాణం మీదికొస్తుంది. సంకరం చేయాలనే ఉంటే జెర్సీ అడగండి, దూడ చిన్నదిగా పుడుతుంది, పాలలో వెన్న కూడా ఎక్కువ. రెండు, కోడెదూడ పుడితే దానికి హళ్లికార్ ధర రాదు. మూపురం సరిగా ఉండదు, కాడి నిలవదు, ఎండకి రొప్పుతుంది. మూడోది రెండో తరంలో వస్తుంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. ఆ పెయ్యకి మళ్లీ హెచ్‌ఎఫ్, దాని కూతురికి మళ్లీ హెచ్‌ఎఫ్ అంటూ పోతే రక్తం 75, 87 శాతానికి ఎక్కుతుంది. పాలు కాగితం మీద పెరుగుతాయి, కొట్టంలో మాత్రం పిడుదుల జ్వరాలు, పొదుగువాపు, చూడి నిలవకపోవడం మొదలవుతాయి. సీమ రక్తం 50 నుంచి 62 శాతం మధ్య ఆపుకోవడం మనలాంటి చిన్నరైతుకి క్షేమం. సూది వేసే ఆయన తెచ్చిన స్ట్రా (వీర్యం ఉండే సన్న గొట్టం) మీద ఏముందో చదివించుకుని, రాసి పెట్టుకోండి.

మీ ఆవుకి మంచి కొమ్ములు, మంచి సంతతి ఉంటే మాత్రం మీవారి మాట వినండి, హళ్లికార్ సూదే వేయించండి, పశువైద్యశాలలో అడిగితే తెప్పిస్తారు. మన తపాలాశాఖ 2000లో దేశవాళీ పశువుల మీద వేసిన బిళ్లల్లో హళ్లికార్ ఒకటి. అలాంటి సంతతి ఇంట్లో ఉంచుకుని దాన్ని మనమే తెంచేయడం నాకు మనసొప్పదు. పాల కోసం వేరే ఆవుని తెచ్చుకోవచ్చు.

డైరీలో పాలు పోస్తే ఎస్‌ఎన్‌ఎఫ్ తక్కువుందని రేటు తగ్గిస్తున్నారు, ఒక్కోరోజు వెనక్కి పంపేస్తున్నారు. చుక్క నీళ్లు కలపలేదక్కా, ఒట్టు. వెన్న 3.8 ఉంది, ఎస్‌ఎన్‌ఎఫ్ మాత్రం 8.1. (ఆనేకల్)

నమ్ముతున్నాను. నీళ్లు కలిపితే వెన్నా పడిపోవాలి, నీకు వెన్న బాగానే ఉంది.

ఎస్‌ఎన్‌ఎఫ్ అంటే వెన్న తీసేశాక పాలలో మిగిలే మాంసకృత్తులు, చక్కెర, లవణాలు. ఆవుకి శక్తినిచ్చే మేత తగ్గితే మాంసకృత్తులు తగ్గుతాయి. మన దగ్గర చాలామంది పచ్చగడ్డి కడుపునిండా వేసి, దాణా దగ్గర చెయ్యి బిగబడతారు. ఒంటి పోషణకి ఒకటిన్నర, రెండు కిలోలు, ఆపైన ప్రతి రెండున్నర మూడు లీటర్ల పాలకి ఒక కిలో దాణా లెక్క. పన్నెండు లీటర్లిచ్చే ఆవుకి ఆరు కిలోల దాకా పడాలి, రెండు మూడు పూటలుగా. మొక్కజొన్న నూక కొంచెం పెంచు, ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు మానకు. రాగిగడ్డి దొరికితే వరిగడ్డి కంటే అదే వెయ్యి. మార్పు పది, పదిహేను రోజులకి గానీ కనపడదు, రెండోరోజే డైరీలో గొడవ పెట్టుకోకు.

మేత సరిగ్గానే వేస్తున్నావంటే పొదుగు చూడు. పైకి వాపు, గడ్డలు లేకుండా లోలోపల పొదుగువాపు ఉంటే పాలల్లో చక్కెర పడిపోతుంది, ఎస్‌ఎన్‌ఎఫ్ దాంతోపాటే దిగుతుంది. నాలుగు చన్నుల పాలు విడివిడిగా పరీక్ష చేయించు, పశువైద్యశాలలో ఐదు నిమిషాల పని. కర్ణాటక ప్రభుత్వం లీటరుకి ఇచ్చే 5 రూపాయల ప్రోత్సాహధనం డైరీకి పోసిన పాలకే వస్తుంది, కాబట్టి కోపంతో పాలు బయటి హోటలుకి మళ్లించే ముందు ఆ ఐదూ లెక్కలో వేసుకో.

సంతలో సీమావు కొంటున్నాం. పూటకి పది లీటర్లంటున్నాడు. ఎలా నమ్మాలి?

నమ్మొద్దు, పిండి చూసుకోండి. మూడు పూటలు వరసగా, మీ కళ్ల ముందు, అమ్మేవాడి ఇంట్లో. నేను రెండో ఆవుని కొన్నప్పుడు ఈ పని చేయలేదు. సంతలో పొదుగు కుండలా నిండి, నరాలు తేలి, చన్నుల్లోంచి పాలు వాటంతటవే కారుతుంటే మురిసిపోయాను. ఇంటికొచ్చాక తెలిసింది, ముందురోజు సాయంత్రం నుంచి పిండలేదని. రెండోరోజు పూటకు నాలుగున్నర లీటర్లు. నొప్పితో ఆ ఆవు రాత్రంతా కాళ్లు మార్చి మార్చి నిలబడింది, నా డబ్బు పోయినదానికంటే అది ఎక్కువ బాధపెట్టింది.

పిండాక పొదుగు ఖాళీ సంచిలా మెత్తబడి ముడతలు పడాలి. గట్టిగానే ఉంటే లోపల కండ పెరిగిందని. చూడి ఉందంటే పశువైద్యుడితో చెయ్యి పెట్టించి నెల తేల్చుకోండి. రెండో ఈత, మూడో ఈత ఆవు తీసుకోండి. చెవికున్న పసుపు ట్యాగు మీద పన్నెండంకెల నంబరు రాసుకుని, గాలికుంటు, ముద్దచర్మం (లంపీ స్కిన్) జబ్బుల టీకాలు వేశారో లేదో ఆ నంబరుతో కనుక్కోండి. 2022లో ముద్దచర్మం ఊళ్లకు ఊళ్లు తిరిగి, సంతలూ జాతరలూ ఆపేయాల్సి వచ్చింది, ఆ సంగతి మర్చిపోకండి. తెచ్చిన పశువుని రెండు మూడు వారాలు మీ మందకి దూరంగా కట్టేయండి.

సీమావుకి వరసగా మూడు కోడెదూడలు. కొనేవాడు లేడు. ఏం చేయాలి?

ఇది అందరికీ ఉన్న బాధ, ఎవరూ బయటికి చెప్పుకోరు. కర్ణాటకలో 2020 చట్టం, 2021 నుంచి అమల్లో ఉంది, దాని ప్రకారం ఆవు, ఎద్దు, కోడె, దూడ, ఏ వయసుదైనా వధకి అమ్మకూడదు. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్లు. ఎవడో రాత్రిపూట వ్యాన్ తెచ్చి వెయ్యి రూపాయలిస్తానంటే ఎక్కించి పంపకండి. పెంచుకునేవాళ్లకి అమ్మినా రసీదు, పశువైద్యుడి పత్రం, ట్యాగు నంబరు లేకుండా బండి ఎక్కించొద్దు, ఆంధ్ర వైపో హోసూరు వైపో సరిహద్దు దాటాలంటే మరీను.

పుట్టినవాటిని ఆకలితో వదిలేయకండి, ముర్రుపాలు పెయ్యకెంతో కోడెకీ అంతే హక్కు. దగ్గర్లో గోశాల ఉంటే ముందే మాట్లాడి పెట్టుకోండి. ఇకముందు లింగ నిర్ధారిత వీర్యం అడగండి, పదికి తొమ్మిది పెయ్యలే పుడతాయి. చూడి నిలిచే అవకాశం మామూలు సూది కంటే కొంత తక్కువ, కాబట్టి పడ్డల (ఇంకా ఈనని పెయ్యల) మీద, ఆరోగ్యంగా ఉన్న ఆవుల మీద, ఎద స్పష్టంగా కనపడినప్పుడే వేయించండి. పొద్దున ఎదకొస్తే సాయంత్రం సూది, సాయంత్రం ఎదకొస్తే మర్నాడు పొద్దున.

మా అన్నయ్య ఆస్టిన్‌లో ఉంటాడు. అక్కడి టెక్సస్ లాంగ్‌హార్న్ ఫొటోలు పంపాడు, కొమ్ములు ఈ చివర నుంచి ఆ చివరకి మనిషి కంటే వెడల్పున్నాయి. మన హళ్లికార్‌తో దానికేమైనా చుట్టరికం ఉందా? వాళ్లు ఎలా అమ్ముకుంటారు? (జయనగర్ నుంచి ఒక విద్యార్థి)

చుట్టరికం లేదు నాన్నా. అవి స్పెయిన్ వాళ్లు ఓడల్లో తెచ్చిన పశువుల సంతతి, మూపురం ఉండదు. వందల ఏళ్లు అడవి మేతలో బతికి గట్టిపడ్డాయి. తర్వాత రైతులు త్వరగా కండ పట్టే ఇంగ్లండు జాతుల వైపు పోయి వీటిని వదిలేస్తే అంతరించే దాకా వచ్చాయి. 1927లో అమెరికా ప్రభుత్వం డబ్బిచ్చి, మిగిలినవాటిని ఏరి, ఓక్లహోమాలోని విచిటా కొండల అభయారణ్యంలో మందగా నిలబెట్టింది. 1964లో పెంపకందారుల సంఘం పెట్టుకున్నారు. మీ అన్నయ్య ఊరి యూనివర్సిటీ జట్టు చిహ్నం కూడా ఆ పశువే.

అమ్మకం సంగతి ఆసక్తిగా ఉంటుంది. అక్కడ మామూలు వేలంలో లాంగ్‌హార్న్ దూడకి, సంకర దూడకి కూడా, ధర తక్కువ, ఎందుకంటే మాంసం కోసం కొనేవాళ్లకి సన్నని ఒళ్లు, కొమ్ములు, మచ్చల రంగులు నచ్చవు. అదే పశువుని కొమ్ముల పొడవు కొలిచి, వంశం కాగితాలు చూపించి, ఇష్టపడేవాళ్ల మధ్య అమ్మితే ఎన్నో రెట్లు పలుకుతుంది. ఇంకొందరు వేరే జాతి పడ్డలకి తొలిచూలులో లాంగ్‌హార్న్ ఆంబోతుని వాడతారు, దూడ సన్నగా పుట్టి ఈనడం సులువవుతుందని. పైన చిక్కబళ్లాపుర సోదరికి జెర్సీ గురించి చెప్పిన మాటే అక్కడ ఇంకోలా చేస్తున్నారు.

నీకు చుట్టరికమే కావాలంటే మీ అన్నయ్యని బ్రాహ్మన్ పశువుల్ని చూడమను. మన దేశం నుంచి పోయిన గిర్, కాంక్రేజ్, ఒంగోలు పశువుల రక్తంతో టెక్సస్ వైపు తయారైన జాతి అది. మూపురం, గంగడోలు చూడగానే ఊరి ఆవుని చూసినట్టే ఉంటుంది.

చివరిగా, సర్జాపుర నుంచి: దూడలకి కొమ్ములు కాల్చించాలా? మా దూడకి ఇప్పుడు ఐదు నెలలు.

సీమ దూడలకి చేయించండి, హళ్లికార్‌కి వద్దే వద్దు. దాని ధర కొమ్ములోనే ఉంది. ఇరుకు కొట్టంలో సీమావులు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, పొదుగు చీరుకుంటాయి, అందుకే వాటికి అవసరం. పుట్టిన రెండు మూడు వారాల్లో దూడ నుదుటి మీద వెంట్రుకలు పక్కకి తీసి వేలితో నొక్కితే శనగగింజంత మొలక తగులుతుంది, చర్మంతోపాటు కదులుతుంది. పుర్రెకి ఇంకా అతుక్కోలేదన్నమాట, అదే అదను. డాక్టరుని పిలిచి, తప్పకుండా మత్తుసూది వేయించాకే చేయించండి. పెరిగిన కొమ్ముని కోస్తే లోపల ఎముక బోలుగా ఉండి నుదుటి లోపలి గాలిగదికి దారి తీస్తుంది, రక్తం ధారకడుతుంది, వానాకాలమైతే పురుగు పడుతుంది. మీ దూడకి ఇప్పటికే ఐదు నెలలని రాశారు, కాబట్టి కోయించకండి. కొనలు మాత్రం కొంచెం మొద్దు చేయించి, దాన్ని ఓ చివర, పక్కన ఖాళీ ఉండేలా కట్టేయండి.